రగణం తర్వాత

ఐదున్నరకి రిసీవర్ వేశాను సిలార్ గారూ.
అలవాటు.
పొయ్యి మీద పాలు పెట్టి, వాటి సంగతి చూడకుండా
మీటరు ముల్లు కదిలిందా అని చూసే
పాడు అలవాటు.

నలభై మీటర్ల మీద ఎవరో కొలంబో ఆయన
అక్కడి వాన గురించి చెబుతున్నాడు.
చీకటుండగా దూరంవాళ్ళే వినిపిస్తారని
మీరే కదా చెప్పింది.
సత్యనారాయణపురానికి సింహళం వినిపిస్తుంది,
ముప్ఫై కిలోమీటర్ల గుంటూరు వినిపించదు.
మన మాట మన నెత్తి మీదుగానే ఎగిరి
సముద్రం అవతలెక్కడో దిగుతుంది.
కాస్త పొద్దెక్కాలి.
మంగళగిరి కొండకి ఎండ తగిలాక
మీ లాలాపేట మెల్లగా పైకి తేలేది,
వెనకాల షాపు షట్టరు లేస్తున్న చప్పుడుతో సహా.

పరీక్ష రెండుసార్లు తప్పాను.
నిమిషానికి అయిదు మాటలు, అంతే.
అరవైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే తెలుగు టీచర్ని,
ఆ కీచు శబ్దం ముందు నాకే చెమటలు పట్టేవి.
తొమ్మిదిలో బడి మానేసి
మోటార్లకు రాగితీగ చుట్టుకునే మీరు
వార్నిష్ అంటిన వేళ్ళతో నా నోటుపుస్తకం వెనక
ఒక గీత, ఒక చుక్క, ఒక గీత పెట్టి
"ఇది రగణం కాదాండీ టీచరుగారూ?" అన్నారు.

పొడుగు గురువు, పొట్టి లఘువు.
భగణం డి, యగణం డబ్ల్యూ.
ఇరవై రెండేళ్ళు నేను బోర్డు మీద రాసిందే
నాకు మీరు చెప్పారు.
నగణం, మగణం, నగణం అని ఎవరైనా కొడితే
ఎక్కడో ఓడ మునిగిపోతున్నట్టు.
"న-మ-న. దండం పెడుతున్నాడండీ పాపం" అన్నారు.
నవ్వాను అప్పుడు.

బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు నవ్వలేదు.
ఫోన్లన్నీ చచ్చి ఉన్నాయి.
మోపెడ్ వెనక లారీ బ్యాటరీ కట్టుకుని
కాజా నుంచి తడుస్తూనే వచ్చారు.
ఫ్లైఓవర్ మీద గొడుగు కింద కూర్చుని
పడవవాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు:
ఆకుపచ్చ గేటు, రెండో అంతస్తు, ఇన్సులిన్.
ఆకుపచ్చ గేటు. రెండో అంతస్తు. ఇన్సులిన్.

ఆ తర్వాత నెలల తరబడి అడిగారు,
ఆ ముసలాయన ఏమయ్యాడని.
బాగున్నాడు, మనవరాలి పెళ్ళి కూడా చేశాడన్నాను.
"అల్లా దయ" అన్నారు, ఇంక అడగలేదు.
నేను ఆ వీధికే వెళ్ళలేదు సిలార్ గారూ.
ఇన్నేళ్ళలో మీకు పంపిన తప్పుడు సందేశం
అదొక్కటే. దిద్దుకోలేదు.

మార్చిలో పోయారు,
మిర్చి ఘాటుకి ఊరు ఊరంతా తుమ్మే రోజుల్లో.
డెబ్భై ఒకటి.
మనం సెలవు తీసుకుంటూ చెప్పే అంకె డెబ్భై మూడు.
ఇంకో రెండేళ్ళు ఆగితే మీ సొమ్మేం పోయేది?

మనవాళ్ళలో ఎవరైనా పోతే
పోయారనరు, కీ మూగబోయిందంటారు.
మీది మూగబోయి నా బల్ల మీదే ఉంది:
హాక్సా బ్లేడు, తలుపు బందు, కుట్టుమిషను మర.
ఖైరున్నీసా గారు ఉర్దూ పేపర్లో చుట్టి ఇచ్చారు.
మేడ మీద తీగ మాత్రం విప్పనివ్వలేదు.
"ఉండనీండి. పిట్టలు వాలుతున్నాయి."

కొలంబో ఆయన మసకబారిపోయాడు.
మంగళగిరి మీద ఎండ వచ్చే ఉంటుంది.
దగ్గరివాళ్ళు వినిపించే వేళ.
ట్రాన్స్‌మిటర్ కట్టేసి, ఉత్త బజరుకి మీ కీ తగిలించి
ఆకుపచ్చ గేటు సంగతి మొత్తం చెప్పాను,
పరీక్షలో తప్పిన రోజుల వేగంతో,
రెండుచోట్ల తడబడి.
చివర రగణం కొట్టాను.
ఇక మీరు చెప్పండి, అని.

అందితే జగణం రావాలి.
ఒక లఘువు. ఒక గురువు. ఒక లఘువు.

వంటింట్లోంచి పాలు మాడిన వాసన.
వస్తున్నా, అన్నాను,
ఇంట్లో ఎవరూ లేరు.