చీమ కుట్టినట్టు

వంటింట్లో నీళ్ళు లేవు.
మూడోసారి వంగి చూశాను.
నేల పొడిగా ఉంది, మేజోడు పొడిగా ఉంది.
అయినా ఎడమ పిక్క మీదుగా
సన్నటి ధార దిగుతూనే ఉంది
చల్లగా, తీరిగ్గా,
ఎవరో చెంబు వంచి మరిచిపోయినట్టు.

వంగడం కూడా తప్పే.
గడ్డం ఛాతీకి తగలగానే
మెడలోంచి నడుందాకా జివ్వున ఒక మెరుపు.
అందుకే బూట్ల తాళ్ళు త్రినాథ్ కడతాడు.
అతను ముడి వేసేంతసేపూ
నేను గోడకానుకుని పైకప్పు చూస్తాను.
డండీ వానలకి అక్కడో చెమ్మ మచ్చ
నెలనెలా కొంచెం పెరుగుతోంది.
ఆ తడి మాత్రం నిజమే,
ఇంటి ఓనరు కూడా ఒప్పుకున్నాడు.

తొడలో ఫోను మోగుతుంది.
ఫోను బల్ల మీద ఉంది.
మొదట్లో ఉలిక్కిపడి తడుముకునేదాన్ని,
ఇప్పుడు మోగనిస్తాను.
ఎవరో పాపం, రాంగ్ నంబరు.

ఆసుపత్రిలో నర్సు శోనా అడుగుతుంది,
"ఎలా ఉంటుందో చెప్పగలరా?"
ఆమె కాగితం మీద నాలుగే గళ్ళు:
మంట, నొప్పి, మొద్దుబారడం, ఇతరాలు.
నా దగ్గరేమో తిమ్మిరి ఉంది, జోము ఉంది,
సలపరం ఉంది, చురుకు ఉంది,
తీపులున్నాయి.
మా భాషలో కాళ్ళు
తియ్యగా కూడా నొప్పెడతాయని
ఈ పిల్లకి ఎలా చెప్పను?
'ఇతరాలు' గడిలో టిక్కు పెట్టించుకుని
బస్సెక్కాను.

చిన్నప్పుడు మా పిన్ని శేషారత్నం
నన్ను తిట్టి తిట్టి అలిసిపోయి అనేది
"చీమ కుట్టినట్టయినా లేదే దీనికి!"
పిన్నీ, ఇప్పుడు కుడుతున్నాయి.
రాత్రి రెండింటికి లేచి
దుప్పటి దులిపాను, పరుపు తిరగేశాను.
ఒక్క చీమ లేదు.
ఈ ఊరి చలికి చీమలెక్కడివి!

పెర్త్ రోడ్డులో కళ్ళద్దాల దుకాణం నా కొలువు.
ఆవగింజలో సగం ఉంటాయి మరలు.
కుడిచేతి వేలికొసలకి
ఎవరో పట్టుగుడ్డ చుట్టి కుట్టేశారు.
మర చిక్కిందో జారిందో వేళ్ళు చెప్పవు,
కళ్ళనడిగి తెలుసుకుంటాను.
ముసలి గిల్‌క్రిస్ట్ గారు ఫ్రేము వదులైందని వచ్చి
"ఎంత నిలకడమ్మా నీ చేతులకి" అంటాడు.
నిలకడగానే ఉన్నాయి.
అవి అక్కడున్న సంగతే నాకు
ఆలస్యంగా, కబురులాగా అందుతుంది.

సాయంత్రాలు పక్కటెముకల చుట్టూ
పట్టీ బిగుసుకుంటుంది.
ఒక్కోసారి అన్నం ముద్ద మధ్యలో ఆపి
అది వదిలేదాకా కూర్చుంటాను.
దీనికి వాళ్ళు కౌగిలి అని పేరు పెట్టారు.
ఎవరు పెట్టారో గానీ
వాళ్ళనెవరూ సరిగ్గా
కౌగిలించుకుని ఉండరు.

త్రినాథ్ అడగడు, ఎలా ఉందని.
మొదటి ఏడాది అడిగి అడిగి
నా మొహం చూసి మానేశాడు.
ఇప్పుడు నేనే అప్పుడప్పుడు
వాతావరణం చెప్పినట్టు చెబుతాను:
మోకాలి కింద చినుకులు,
అరికాలిలో ఇసుక, వీపున ఎండ.
"గొడుగు తేనా?" అంటాడు.
నవ్వొస్తుంది. కొన్నిసార్లు రాదు.

పోయిన ఆదివారం బ్రాటీ ఫెర్రీ ఒడ్డుకి వెళ్ళాం.
మంచు దిగి అవతలి గట్టు కనబడలేదు.
ఏటవాలు ఇసుకలో నిలబడి ఉన్నాను.
ఎడమ పిక్క మీద మళ్ళీ అదే ధార.
"అల వచ్చిందా?" అన్నాను.
అతను గొంతుక్కూచుని
ఎడమ కాలు తడిమాడు.
"పొడి."

లేవలేదు.
కుడి కాలి మీద చెయ్యి వేశాడు.
ప్యాంటు మోకాలిదాకా నానిపోయింది,
బూటు నిండా నీళ్ళు.
ఎంతసేపైందో ఏమో,
ఆ కాలు నాకు చెప్పనేలేదు.