మడమతో అడిగి

రాత్రంతా క్లేర్ కొండల మీద వాన.
పొద్దున్నే ఊనా బూటు మడమ నేలలో గుచ్చి చూసింది:
పైన వెన్న, వేలెడు లోతున రాయి.

ఇలాంటి నేల అబద్ధమాడుతుంది.

నాడాల రంధ్రాల్లోంచి నూనె దూదిని
మేకుతో పెళ్లగించి తీసింది.
తుప్పు డబ్బాలో స్టడ్డులు గలగల.
మొనదేలినవి ఎండిన గడ్డికి,
లావుపాటి మొద్దువి బురదకి.
రెండూ కాని ఈ పూటకి ఏవి?

వెనక కాళ్లకి లావువి బిగించింది.
ముందు కాళ్లకి చిన్నవే.
మరీ పాతుకుపోయినా ప్రమాదమే;
రవ్వంత జారనివ్వాలి, కీలు బతకాలి.

ఎదపట్టీ సరే, జీను వెనక్కి పోదు.
పొట్ట కింద చెయ్యి ఆగింది:
బూడిదరంగు బొచ్చులో గోరంత మచ్చ.
నిరుడు గోడ దూకుతూ
మడిచిన కాలు తన కడుపునే పొడుచుకున్న చోటు.
ఆ రోజు స్టడ్డు ఎంచిందీ తనే.

వెడల్పాటి తోలుపట్టీ తెచ్చి
ఒక రంధ్రం వదులుగా కట్టింది.
గుర్రం ఊపిరి వదిలింది.
ఇంకో రంధ్రం బిగించింది.

"నేల ఎలా ఉంది?" కళ్లెం అందుకుంటూ కొర్మాక్.

"నన్నడక్కు," అంది చేతులు తుడుచుకుంటూ,
"మూడో అడ్డు దాటాక
అదే చెబుతుంది."