పందొమ్మిదో గడి

బయట మైనస్ ముప్పై రెండు.
ఉలాన్‌బాతర్ పొగలో మధ్యాహ్నమే దీపాలు.
గొంబోసురెన్ షెడ్డులో, బొగ్గు పొయ్యి పక్కన
వెనక సీటు ఊడదీయించుకుని
నా కారు పేగులు చూపిస్తూ పడుంది.

పదకొండేళ్ళు జపాన్‌లో ఎవరికో ఊడిగం చేసి
ఓడెక్కి వచ్చిన హైబ్రిడ్.
స్టీరింగ్ కుడివైపు, మా రోడ్డూ కుడివైపే.
ఎదురొచ్చేది కనబడాలంటే
పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి అడగాలి.
మీట నొక్కగానే ఒక ఆడగొంతు
వినయంగా ఏదో అంటుంది జపనీస్‌లో.
స్వాగతం చెబుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ.
గొంబోసురెన్ నవ్వాడు:
"టోల్ కార్డు పెట్టలేదంటోంది నొర్జ్మా అక్కా, అంతే."

అమ్మినవాడు ఇంజిన్ కడిగి, నూనె రాసి చూపించాడు.
బర్రెను నీళ్ళలో ఉంచి చేసిన బేరం.
కొమ్ములు చూసి కొన్నాను.

మొన్న రాత్రి వంతెన మీద
అద్దాల వెనక ఎర్ర త్రికోణం వెలిగింది.
ముగ్గురు ప్రయాణికులు దిగి బస్సెక్కారు.
డబ్బులివ్వలేదు. వాళ్ళ తప్పేముంది.

ఇరవై ఎనిమిది గడులు వరసగా పేర్చి
మీటరు ముళ్ళు ఒక్కోదానికీ ఆనిస్తూ అతను చదువుతాడు,
సిగరెట్ అట్ట మీద నేను రాస్తాను.
ఏడు పాయింట్ తొమ్మిది.
ఏడు పాయింట్ తొమ్మిది.
ఏడు పాయింట్ ఎనిమిది.
పరీక్ష ఫలితాలు వింటున్న తల్లిలా ఉన్నాను.
పందొమ్మిదోది, ఆరు పాయింట్ మూడు.
ముళ్ళు తుడిచి మళ్ళీ పెట్టాడు.
ఆరు పాయింట్ మూడే.

"ఇదొక్కటే మారిస్తే లక్షా ఇరవై వేల తుగ్రిక్‌లు.
రెండు నెలల్లో పక్కది పోతుంది.
వేసవికి దాని పక్కది.
పెట్టె మొత్తం మార్చాలంటే ఇరవై రెండు లక్షలు.
అదీ ఇంకో పాత కారు కడుపులోంచి తీసిందే."

ఫ్యాన్ విప్పాడు.
జాలీ నిండా బూడిదరంగు మెత్తన.
"కుక్కను పెంచుతున్నావా?"
లేదు. అది మేక బొచ్చు.
ఏప్రిల్‌లో మా అక్క సరన్‌తుయా దువ్విన పదహారు సంచులు
ఈ సీటు మీదే మార్కెట్‌కు తెచ్చాను.
ఆ డబ్బే కారు రెండో వాయిదా.
కారు అప్పు తీర్చిన బొచ్చే
కారు ముక్కు మూసింది.

"ఇంకా చెప్పనా?"
చెప్పు.
ఇన్వర్టర్‌కు నీళ్ళు తోసే చిన్న పంపు:
మూత తీస్తే లోపల నీళ్ళు సుడి తిరగాలి,
చూస్తే ఎండాకాలపు కుంట. లక్షా ఎనభై.
"పొద్దున స్టార్ట్ చేయగానే వణుకుతుందా?"
వణుకుతుంది. చలికి అనుకున్నాను.
ఈ ఊళ్ళో పొద్దున్నే వణకనిదేది?
"చలి కాదు. హెడ్ గాస్కెట్.
కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోంది."
ఆ లెక్క మాత్రం చెప్పలేదు.
పొయ్యిలో బొగ్గు ఎగదోసి
ఉప్పు వేసిన పాల టీ పోశాడు.
కొన్ని అంకెలు టీ తాగాక చెప్పాలని
అతనికి తెలుసు.

తాగాక చెప్పాడు.
నేను ఇంకో కప్పు అడిగాను.

చివరికి పందొమ్మిదోది మార్చమన్నాను, పంపు వెయ్యమన్నాను.
గాస్కెట్‌ను దాని కర్మానికి వదిలేశాను.
జాలీలోంచి తీసిన ఉన్ని పొయ్యిలో వెయ్యబోతుంటే
చెయ్యి పట్టుకుని ఆపాను.
"కిలో ధర తెలుసుగా, బిల్లులో తగ్గించుకో."
అతను నవ్వలేదు.
చిన్న త్రాసు తెచ్చి తూచాడు.
ముప్పై గ్రాములు. నాలుగు వేలు కొట్టేశాడు.

ఇప్పుడు రోజూ తెల్లవారుజామున
మీట నొక్కుతాను.
ఆ గొంతు కార్డు అడుగుతుంది.
"పెట్టనమ్మా," అంటాను.
ఇంజిన్ వణకడం మొదలుపెడుతుంది,
తొడుగు తీసి డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి
ఆగేదాకా లెక్కపెడతాను.
నిన్న తొమ్మిది.
ఇవాళ పదకొండు.