ఎర్ర చార, ఒకటో పిన్ను

ఎర్రగడ్డ సంతలో ఆదివారం
ఇనుప సామాన్లతో కలిపి తూచి ఇచ్చాడు.
ఇరవై మెగాబైట్లు.
బరువు మాత్రం మా అట్లపెనం అంత.

మలక్‌పేట మేడమీద గదిలో
ముప్పై ఏళ్లు దాటిన కంప్యూటరు మూత విప్పితే
లోపల బల్లి గుడ్ల పెంకులు రెండు,
ఎవరో జారవిడిచి వెతకని స్క్రూ ఒకటి.

"ఎర్ర చార ఒకటో పిన్ను దిక్కు వెట్టు,
ఉల్టా అయితే పొగే!"
ఫోన్లో ముజీబ్ భాయ్,
వెనకాల చాయ్ గ్లాసుల చప్పుడు.

రిబ్బను తీగ గుచ్చాను.
స్క్రూ వదులైన చోట అగ్గిపుల్ల దోపాను.
స్విచ్.

కాసేపు ఏమీ లేదు.
తర్వాత కుక్కరు కూతకి ముందొచ్చే సన్నని ఊపిరి,
ఆపైన టకటక, టక.

తెరమీద పచ్చగా
ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పేర్లు.
ఎవరిదో చిట్టీల పద్దు, తొంభై ఒకటి మార్చి:
యాదమ్మ, ఇచ్చింది.
దస్తగిరి, ఇచ్చాడు.
బుచ్చిలింగం, రేపు.

ఫార్మాట్ చేస్తేనే నాకు పనికొస్తుంది.
చెరిపేయనా అని అడుగుతోంది యంత్రం.
అవును, కాదు, రెండే మాటలు వచ్చు దానికి.

అన్నం చల్లారిపోతోందని కింది నుంచి కేక.
వస్తున్నా అన్నాను, కదల్లేదు.
బుచ్చిలింగం చెప్పిన రేపు
లోపల ఇంకా తిరుగుతూనే ఉంది.