ఆఖరి మనిషి వేగం

దుగ్గిరాల లాకుల దగ్గర
పొద్దున ఆరింటికి పన్నెండు మంది పోగయ్యారు.
వీళ్ళని కాలవ కట్టల మీదుగా తిప్పి
మళ్ళీ ఇక్కడికే తేవాలి.
అదే నా పరీక్ష.

ఇరవై మూడేళ్ళు గుంటూరు రెండో డిపోలో
వెనక తలుపు పక్కన నిలబడి తలలు లెక్కపెట్టాను.
రోడ్డు ఎటు తిరుగుతుందో చూడ్డం
నా పని కాదు, డ్రైవరు పని.
డబ్బుల సంచి మోసిన భుజం
ఇప్పటికీ ఎడమకే వాలుతుంది.
ఇప్పుడేమో, ముందు నడు కాశింబీ, అంటున్నారు.

నేర్పేది ఏసోబు గారు. కాలవ లస్కరుగా రిటైరయ్యారు.
ఎన్నేళ్ళు గేట్లు తిప్పిన చేతులో,
మాట్లాడుతుంటే కూడా గాల్లో ఏదో బరువు తిప్పుతుంటాయి.
మొదటి ఆదివారం ఒకటే చెప్పారు:
"కొండెక్కించేవాడికి భయం తోడుంటుందమ్మా.
పల్లంలో నడిపేవాడికి అదీ ఉండదు.
ఇక్కడ మనిషి జారి పడడు.
నెమ్మదిగా తప్పిపోతాడు."

తర్వాత రేగడి గురించి.
ఎండితే నెర్రె, తడిస్తే చెప్పు కింద ఇంకో చెప్పు.
మూడో ఆదివారం వాన. ఇంకెవరూ రాలేదు.
తూము పక్కన పరదా కింద కూర్చుని
ఆయన మ్యాపు పరిచి, నీలం గీత మీద వేలు పెట్టి,
"ఈ బోదె ఒట్టిది, పైవాళ్ళు కట్టేసుకున్నారు" అన్నారు.
ఆ రోజు నేర్చుకున్నదే ఎక్కువ.

"ఇంకెంత దూరం?" అని అడిగితే
కిలోమీటర్లు చెప్పకూడదట.
ఆ తాళ్ళ అవతల, ఆ మోటారు షెడ్డు దాకా,
అలా చెప్పాలట.
అది నాకు నేర్పక్కర్లేదు.
బతుకంతా స్టేజీలు పిలిచినదాన్ని.

ఇవాళ, పసుపు చేలు దాటాక,
మ్యాపులో డొంక ఉంది.
నేల మీద లేదు.
ముళ్ళతీగ, దాని వెనక అరటితోట.
ఆగిపోయాను. నా వెనక పన్నెండు మందీ ఆగారు.
ఏసోబు గారు అందరికన్నా చివర,
నా వైపు చూడకుండా
వేపపుల్ల నములుతున్నారు.

"దూకేద్దాం ఆంటీ" అన్నాడు సుభాని. వాడికి పంతొమ్మిది.
వీరరాఘవులు గారు ఏమీ అనలేదు.
కల్వర్టు మీద కూర్చుని
విప్పనక్కర్లేని బూటు లేసు విప్పుతున్నారు.
ఆ విప్పడం నాకు తెలుసు.
ఎక్కాల్సిన మెట్టు ఎత్తుగా ఉన్నప్పుడు
ముసలివాళ్ళు జేబులో చిల్లర వెతుక్కుంటారే, అదే.
నాకు దారి కొత్తగానీ
మనుషులు కొత్త కాదు.

పసుపులో కలుపు తీస్తున్న ఆవిడ నడుం లేపి,
"ఎక్కడికి పోవాలి?" అంది.
"ఎక్కడికీ కాదు. ఊరికే నడుస్తున్నాం."
"నడవడానికే నడుస్తారా!"
కొడవలి ఉన్న చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఐతే ఈ గట్టు పట్టుకుపోండి.
మొక్క తొక్కారంటే ఊరుకోను."

అప్పుడు, ఎందుకో తెలీదు,
నోట్లోంచి అదే వచ్చేసింది: "హోల్డాన్!"
వీరరాఘవులు గారిని ముందు పెట్టాను.
ఆయన ఎంత నడిస్తే అందరం అంతే.
సుభాని చేతికి నీళ్ళ డబ్బా ఇచ్చి ఆయన వెనక నిలబెట్టాను.
నేను చివరికెళ్ళాను, నా పాత చోటికి.
"రైట్, రైట్."

నడుం దాకా పసుపాకుల వాసన.
తలలు లెక్కపెట్టాను, పన్నెండు.
మళ్ళీ పెట్టాను.
పక్కన ఏసోబు గారు వేపపుల్ల ఊసేసి
"ముందు నడవమంటే వెనక్కొచ్చావే" అన్నారు.
తిట్టారో మెచ్చుకున్నారో
ముఖంలో తేలలేదు.

కాయితం ఇంకా రాలేదు.
రాత్రి వీరరాఘవులు గారు ఫోన్ చేసి,
వచ్చే ఆదివారం నూతక్కికి
బూట్లా, చెప్పులా? అని అడిగారు.
చెప్పులే వేసుకోండి, అన్నాను.
కాలవకి నీళ్ళు వదులుతున్నారట.