మూడు, రెండు

మార్చి నెల. గల్ పాయింట్ రేవులో మంచు ఇంకా కదల్లేదు.
లైబ్రరీ హీటరు పాత పడవ ఇంజనులా దగ్గుతోంది.
బల్ల మీద ఐదు పుస్తకాలు నిలబెట్టాను:
మూడు నవలలు, రెండు ఆత్మకథలు.
దేశానికి ఈ ఏడు ఒక్కటే కావాలట.
రోజుకొకటి చొప్పున నాలుగింటిని
ఓట్లేసి బయటికి పంపేస్తారు.

రేడియోలో వాదించేది రాసినవాళ్ళు కాదు.
ఒక కర్లింగ్ ఆటగాడు, టీవీలో వాతావరణం చెప్పే ఆవిడ,
ఒక వంటవాడు, ఒక హాస్యనటి,
ఇంకా ఓ మాజీ న్యాయమూర్తి, గొంతులో సుత్తి మిగిలే ఉంది.
పరాయి బిడ్డని చంకనేసుకుని
మా బిడ్డే ముద్దని పోట్లాడుతున్నట్టుంటుంది.

నా మనసు ఒక్కదాని మీదే.
రొవీనా బ్లాండ్‌ఫర్డ్ రాసింది. ఈ ఊరి పిల్ల.
ఈ కిటికీ కిందే కూర్చుని
పక్షుల పుస్తకం ఒకటి పట్టుకెళ్ళింది,
ఇరవై తొమ్మిదేళ్ళుగా తిరిగి రాలేదు.

మంగళవారం నూట పన్నెండో పేజీ దగ్గర పట్టుకున్నారు.
కాడ్ చేపల వేట ఇక బందని
ప్రభుత్వం చెప్పిన రాత్రి
తండ్రి వలలన్నీ ఒడ్డుకి ఈడ్చి
కిరోసిన్ పోసి తగలబెట్టే పేజీ.

"నమ్మబుద్ధి కాలేదు," అన్నాడు న్యాయమూర్తి.
"బతుకంతా అల్లుకున్న వలని చేజేతులా ఎవడు కాలుస్తాడు?
నవలైతే ఒప్పుకుందును."
వాతావరణం ఆవిడ తన నవల గురించి
"ఇందులో ప్రతి మాటా నిజం" అంది,
వంటవాడు అవునన్నాడు, హాస్యనటి అవునంది.
కర్లింగ్ కుర్రాడు తడబడ్డాడు.
"నేను నమ్మాను," అన్నాడు. "అంతే. నమ్మాను."

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు.
జరిగినదానికి ఆ జిగురు
ఏ కొట్లో అమ్ముతారో.

మూడు, రెండు.
రొవీనా బయటికి.

బేకరీలో హెడ్లీ బల్ల గుద్దాడు,
"మన సంగతి మళ్ళీ మనల్ని అడక్కుండానే తేల్చారు" అని.
ముసలివాళ్ళ హోమ్‌లో దుప్పట్లు ఉతికే ఎఫీ మాత్రం
డ్రయ్యర్లన్నీ ఆపేసి
చివరిదాకా నిలబడి విందట.
రొవీనాకి అక్క. ఎనిమిదేళ్ళు పెద్ద.

సాయంత్రం తలుపు తీసుకుని లోపలికొచ్చింది,
బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని.
చెల్లెలి పుస్తకం అచ్చయి ఏడాది,
ఇన్నాళ్ళూ తాకలేదు.
కార్డు గడువు తీరి పదకొండేళ్ళు.
కొత్తది రాసిచ్చాను.

"నాన్న కాదు," అంది సంతకం పెడుతూ.
నేనేమీ అడగలేదు.
"నాన్న ఆ రాత్రి బూట్లతోనే నిద్రపోయాడు.
అగ్గిపుల్ల గీసింది అమ్మ. డబ్బా మోసింది నేను.
రొవీనాకి ఆరేళ్ళు, మేడ మీద కిటికీలోంచి చూసింది.
చలిగా ఉందని అమ్మ
నాన్న కోటు తొడుక్కుంది."

హీటరు ఒకసారి దగ్గి ఊరుకుంది.
"మరి తనకి చెప్పలేదా?"
"రాసేముందు ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడుకున్నాం,
వాన గురించి, పంటి నొప్పి గురించి."

గురువారం ఏదో నవల గెలిచింది.
అట్ట మీద అంటించమని బంగారు చుక్కలు పంపారు.
బాగానే ఉంది, రెండు రాత్రుల్లో చదివేశాను.

ఎఫీ ఆరువారాలకి పుస్తకం తెచ్చింది,
జరిమానా చిల్లర లెక్కపెట్టి మరీ.
నూట పన్నెండో పేజీ అంచున
పెన్సిలుతో, సన్నగా, ఒక్క మాట:
కోటు.

లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదు.
రబ్బరు నా సొరుగులోనే ఉంది.
తర్వాత ఇద్దరు అడిగారు ఆ పుస్తకం.
అలాగే ఇచ్చాను.