నీలం పొగ

పదమూడు పౌండ్ల ఎద్దు రొమ్ము కండ.
కాగితంతో తడి ఒత్తి బల్ల మీద పరిస్తే
నిద్రలో ఉన్న చంటిపిల్లాడి బరువు.
కొవ్వు పావు అంగుళం ఉంచమన్నాడు కసాయి డోరెన్స్,
వేలు పెట్టి కొలిచి చూపించాడు.
ఆ వేలు సగమే ఉంది.

ఉప్పు, మిరియాలు. అంతే.
హాలెట్స్‌విల్‌లో ఇంకేమన్నా చల్లితే
ఆదివారం చర్చిలో నా పక్క బెంచీ ఖాళీ.

మా ఇళ్ళలో నిప్పు మగవాళ్ళది,
బంగాళాదుంపల సలాడ్ ఆడవాళ్ళది.
ఎవరూ రాసి పెట్టలేదు, అలా జరిగిపోయింది.
నాకు యాభై మూడు. ఎన్ని బస్తాల దుంపలు ఒలిచానో!
మొన్న వేలంలో తొంభై డాలర్లకి
చమురు గొట్టం కోసి అతికిన పొగపొయ్యి కనపడితే
చెయ్యి దానంతటదే లేచింది.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి అంటించాను.
తెల్లారితే స్కూలు బస్సు తోలే పని లేదు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నాకు వచ్చింది.
పత్తి బేలు విప్పినట్టు తెల్లగా, చిక్కగా,
ముక్కూ కళ్ళూ ఏకమై కారేటంతగా.
లోపల చూస్తే కట్టె చివర ఒక్క ఎర్ర చుక్క,
అదీ నన్ను చూసి ఆరిపోదామా అన్నట్టు.

పొగకి సర్వే మేకులు తెలియవు కదా.
కంచె దాటి తిన్నగా
ఎర్విన్ కుబేనా పడకగది కిటికీలోకి.

కుబేనాకీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు.
పదకొండు అంగుళాల నేల.
అతని కంచె నా వైపు జరిగిందని నేను,
నా పెకాన్ చెట్టు అతని వైపు రాలుస్తోందని అతను.
కోర్టుకి పోయి ఇద్దరం ఓడిపోయాం.
లాయరు పడవ కొనుక్కున్నాడు.

ఒంటిగంటకి కంచె అవతల టార్చి వెలిగింది.
ఇంటి చెప్పులు, బనీను, చేతుల నిండా కట్టెలు.
"చేదెక్కిస్తున్నావ్, లవేడా."
ఆరేళ్ళ తర్వాత మొదటి మాట అది.

ఒక్కో కట్టే కంచె మీంచి అందించాడు.
రెండు వేసవులు ఎండిన పోస్ట్ ఓక్,
ఒకదాన్నొకటి కొడితే ఖంగుమంది.
నావి కొడితే తడిగుడ్డ ఉతికిన చప్పుడు.
"ఆ తలుపు తీసి పెట్టు. ఊపిరాడనీ దానికి.
పొగ కనపడీ కనపడనట్టుండాలి. కనపడితే నీలంగా."
అరగంటకి గొట్టం మీద టార్చి వేసి చూశాడు.
నేనూ చూశాను.
పాల మీద వెన్న తీసేశాక మిగిలే ఆ నీలం.

అతను కంచె దాటలేదు, నేను రమ్మనలేదు.
అటు ఒక మడత కుర్చీ, ఇటు ఒకటి.
డెబ్బై ఏడో నంబరు రోడ్డు మీద లారీలు.
బస్సు బ్రేకుల గురించి అడిగాడు, చెప్పాను.

నాలుగింటికి ముల్లు నూట అరవై దగ్గర ఆగింది.
ఐదు. ఆరు. ఏడు.
మేకు కొట్టినట్టు అక్కడే.
కట్టె ఎత్తాను, "వద్దు" అన్నాడు.
"చెమట పడుతోంది దానికి. చెమట పట్టినవాడు చల్లబడతాడు.
ఎండలో కంచె పాతేవాడి చొక్కా చూళ్ళేదూ…"
కంచె అన్నాక ఇద్దరం
కాసేపు నిప్పు వైపు చూస్తూ కూచున్నాం.

తొమ్మిది దాటాక, ఎవరూ ఏమీ చెయ్యకుండానే,
నూట అరవై ఒకటి.

కాగితంలో చుట్టి మళ్ళీ లోపల పెట్టి,
మధ్యాహ్నం తీసి తువ్వాళ్ళు కప్పి,
ఐసు లేని ఐసుపెట్టెలో రెండు గంటలు.
ఈ రెండు గంటల గురించి ఎవరూ హెచ్చరించలేదు.
ఇల్లంతా వాసన, నోరంతా నీళ్ళు, మూత మీద నా చెయ్యి.

కోశాను.
నల్లటి పెచ్చు, కిందనే గులాబీ గీత.
పలచటి వైపు రంపప్పొట్టు.
కొవ్వు వైపు మాత్రం కత్తి ఆనించగానే వణికింది.
వణికిన ముక్కలు ఏరి పళ్ళెం కంచె మీదకి జాపాను.
అతను చెయ్యి చాపి, నా పళ్ళెంలోంచి
ఎండిన ముక్క తీసుకున్నాడు.

"ఎండిపోయింది."
"తెలుసు."
"ఇంకోటి ఇటు పెట్టు."

సాయంత్రం గిన్నెలు తోముతూ చూస్తే
కంచె మీద అడ్డంగా ఓక్ కట్టెల మోపు,
కొసలు నా వైపు పొడుచుకొచ్చాయి.
ఎంత వచ్చాయో టేపు పెట్టి చూద్దామనే అనిపించింది.
చేతులు జిడ్డుగా ఉన్నాయి.